రెండువందల పన్నెండు మిల్లీమీటర్లు

నా మేనకోడలు సినిమా తీస్తున్నానని చెప్పినప్పుడు నేను మొదట అడిగింది స్క్రిప్టు. ముప్పై నాలుగేళ్ళు వాతావరణ శాఖలో పనిచేసి అధికారిగా పదవీ విరమణ చేసినవాణ్ణి. రాతపూర్వకంగా లేని విషయం మీద అభిప్రాయం చెప్పే అలవాటు నాకు లేదు.

"స్క్రిప్టు లేదు మామయ్యా. ఒక్కొక్కరికీ ఒక్క ముక్క చెబుతా, మిగతాది మీరే అల్లుకోవాలి. చూడ్డానికి అచ్చం డాక్యుమెంటరీలా ఉంటుంది, కానీ అంతా అబద్ధం. అందరూ సాక్ష్యం చెబుతున్నట్టు మొహం బిగించుకుని చెప్పాలి. మనం నవ్వకూడదు. నవ్వడం చూసేవాళ్ళ పని."

కథ సూక్ష్మంగా ఇది. ఒక వీధిలో ఒకే ఒక్క ఇంటి మీద నలభై రోజులు ఆగకుండా వాన కురుస్తుంది. పక్కింటివాళ్ళు ఎండలో బట్టలు ఆరేసుకుంటూనే ఉంటారు. విచారించగా తేలిందేమంటే, ఆ ఇంటికి సరిగ్గా పైన వేరే గ్రహపు నౌక ఒకటి ఆగి ఉంది. దాని నీళ్ళ ట్యాంకు కారుతోంది. నౌక దిగివచ్చిన ఆసామికి భూమిని ఆక్రమించే ఉద్దేశం ఏ కోశానా లేదు. ఆయన వెతుకుతున్నది ఒక మంచి ప్లంబరు కోసం.

నౌక అంటే బోర్లించిన బట్టల తొట్టి. అంచు చుట్టూ చిన్న దీపాల తీగ కట్టి, చేపల గాలపు దారంతో డాబా మీది కర్రకు వేలాడదీశారు. వాన తోటకు నీళ్ళు పట్టే గొట్టం నుంచి వచ్చేది. గొట్టం పట్టుకున్నది నిజమైన ప్లంబరే; మా మేనకోడలి ఇంట్లో కుళాయి బాగుచేయడానికి వచ్చి, సినిమాలో వేషానికి ఒప్పుకుని ఉండిపోయాడు. గ్రహాంతరవాసి వేషం నా బావమరిదికి దక్కింది. వెండిరంగు కారు కవరుతో కుట్టిన అంగీ తొడుక్కుని, నెత్తిన మోటారు సైకిలు హెల్మెట్టుతో వీధంతా తిరిగాడు. అరవై మూడేళ్ళ మనిషి.

"బావా, లోపల ఊపిరాడ్డం లేదు," అన్నాడు నా దగ్గరికి వచ్చి.

"వేరే గ్రహం వాడివి, నీకు గాలితో ఏం పని?" అని నాకంటే ముందు ప్లంబరు అందుకున్నాడు. "ముందు నీ ట్యాంకు ఎన్ని లీటర్లో చెప్పు. వాషరు పోయిందా, పైపే పగిలిందా?"

"మా గ్రహంలో ఆ తేడా తెలిస్తే ఇంత దూరం ఎందుకొస్తాను నాయనా!"

ఇదంతా నాకు చిన్నపిల్లల ఆటగా తోచింది. అయినా ఒప్పుకున్నాను, ఎందుకంటే నాకిచ్చిన పాత్ర పదవీ విరమణ చేసిన వాతావరణ అధికారి. ఆ పాత్రను మరొకరు తప్పుగా పోషించడం నేను సహించలేకపోయేవాణ్ణి.

నా భాగాన్ని మా ఇంట్లోనే, నా పుస్తకాల అలమర ముందు చిత్రీకరించారు. టై కట్టుకున్నాను. మేనకోడలు కెమెరా పక్కన కూర్చుని అడిగింది. "ఆఫీసరుగారూ, ఒకే ఇంటి మీద నలభై రోజులు వాన పడుతుంటే మీ శాఖ ఎందుకు నమ్మలేదు?"

మొదటిసారి వర్షమాపకాన్ని ఎక్కడ, ఎంత ఎత్తున అమర్చాలో వివరించాను. రెండోసారి మేఘాల వర్గీకరణ చెప్పాను. ఆమె మర్యాదగా ఆపింది.

"క్లాసులా ఉంది మామయ్యా. ఒక సంఘటన ఏదైనా చెప్పండి. మీ సర్వీసులో నిజంగా జరిగిందైనా ఫర్వాలేదు."

హెల్మెట్టు ఒళ్ళో పెట్టుకుని గుమ్మం దగ్గర కూర్చున్న బావమరిది ఊరుకోలేదు. "బావ ఇలాగే ఇంకో పది నిమిషాలు మాట్లాడితే నేను ట్యాంకు కారుతున్నా సరే, మా గ్రహానికి వెళ్ళిపోతా."

కెమెరా పట్టుకున్న అమ్మాయి పెదవి కొరుక్కుంది. లోపలి గదిలో నా భార్య నవ్వును దగ్గుగా మార్చడం నాకు స్పష్టంగా వినిపించింది. నాకు రోషం వచ్చింది. మూడోసారి కెమెరా తిరగగానే గరాటు కథ చెప్పాను.

వర్షమాపకం మీద ఒక గరాటు ఉంటుంది. నా కింద గుట్ట మీది కేంద్రంలో పనిచేసిన పరిశీలకుడికి ఆ పేరు పెట్టింది నేనే. సన్నని మెడ, పైన వెడల్పయిన మొహం. ఆ పేరు కార్యాలయం మొత్తానికి పాకింది. చివరికి ఆయన అసలు పేరు జీతాల పట్టీలో తప్ప మరెక్కడా వినిపించేది కాదు.

"ఒకరోజు పొద్దున్న ఫోన్ చేశాడండీ మా గరాటు," అని కెమెరాకు చెప్పాను. "చుట్టుపక్కల నాలుగు కేంద్రాల్లో చుక్క వాన లేదు. ఈయన మాత్రం, 'స... స... సార్, ర... రెండువందల ప... ప... పన్నెండు మిల్లీమీటర్లు సార్' అంటాడు. ఏమయ్యా, నీ ఒక్కడి మీదే పడిందా అన్నాను. 'అ... అవును సార్' అన్నాడు. ఎర్ర సిరాతో కొట్టేశాను. పక్కన ఏం రాశానో తెలుసా? తడి వర్షమాపకంలో లేదు, పరిశీలకుడిలోనే ఉంది!"

కెమెరా ఊగిపోయింది. మేనకోడలు నోటికి చేతులు అడ్డం పెట్టుకుంది. బావమరిది హెల్మెట్టు జారవిడిచాడు. ఒక గది నిండా జనం నా మాటకు పగలబడి నవ్వడం నా జీవితంలో అదే మొదటిసారి. అది నాకు ఎంతగానో నచ్చిందని ఇక్కడ రాయక తప్పదు. భోజనానికి కూర్చున్నప్పుడు నా భార్య అడగకపోయినా ఆ నత్తి మళ్ళీ చేసి చూపించాను.

కెమెరాకు నేను చెప్పని సంగతులు కొన్ని ఉన్నాయి.

ఆ వాన నిజంగా పడింది. ఇది ఇరవై ఆరేళ్ళ కిందటి మాట. వాన నీళ్ళు కొలిచే గాజు పాత్ర, అంటే కొలగాజులో, ఒకసారికి ఇరవై మిల్లీమీటర్లు పడతాయి. ఆయన దాన్ని పదిసార్లు నింపి, పదకొండోసారి పన్నెండు దగ్గర ఆగి, ఒక్కొక్కటిగా లెక్క వేసి నాకు చెప్పాడు. నేను నమ్మలేదు. అంకెను కొట్టేసి, విధి నిర్వహణలో మత్తులో ఉన్నట్లు అనుమానించడమైనదని మెమో ఇచ్చి, నెలవారీ నివేదికను పైకి పంపేశాను. వారం తర్వాత తనిఖీకి వెళ్ళాను. కేంద్రం చుట్టూ ఉన్న ముళ్ళకంచెకు మోకాలి ఎత్తున గడ్డీ చెత్తా చిక్కుకుని ఉన్నాయి. కింది కల్వర్టు ఒక పక్క కొట్టుకుపోయింది. గుట్టకు అవతలివైపు నేల ఎప్పటిలాగే పొడిగా ఉంది. నాకు అంతా అర్థమైంది. ఆయన నా వెనకే నడిచాడు గానీ ఏమీ అనలేదు. నేను అనాలని ఎదురు చూశాడు.

నా సంతకంతో పైకి వెళ్ళిన నివేదిక ఒక్కటి కూడా ఎన్నడూ దిద్దమని తిరిగి రాలేదన్నది నా గర్వం. దాన్ని కాపాడుకున్నాను. తనిఖీ పుస్తకంలో 'పరికరాలు సంతృప్తికరం' అని రాసి జీపు ఎక్కాను. ఆయన పదోన్నతి ఆగిపోయింది. తాగుబోతు అన్న పేరు మాత్రం ఏ కేంద్రానికి బదిలీ అయినా ఆయన కంటే ముందే అక్కడికి చేరింది.

సినిమా మొదటి ప్రదర్శన గ్రంథాలయం పై అంతస్తులో, ఒక ఆదివారం సాయంత్రం. డెబ్బై కుర్చీలు. నన్ను ముందు వరసలో కూర్చోబెట్టారు. సినిమా మొదలయ్యే ముందు బావమరిది నా చెవిలో, "బావా, నీకో సర్‌ప్రైజ్. నీ ఫోన్ తీసుకుని మీ ఆఫీసు పాతవాళ్ళ గ్రూపులో మెసేజ్ పెట్టా. చాలామంది వచ్చారు," అన్నాడు.

వెనక్కి తిరిగి చూశాను. నాలుగో వరస చివర తెల్లని చొక్కాలో ఆ పరిశీలకుడే కూర్చుని ఉన్నాడు. జుట్టు పూర్తిగా నెరిసింది. పక్కన నలభై ఏళ్ళ స్త్రీ; పోలికలను బట్టి కూతురని తెలిసింది. ఆయన లేచి నమస్కారం పెట్టాడు. దీపాలు ఆరిపోయాయి.

లేచి ప్రొజెక్టరు ఆపించే వ్యవధి నాకుంది. పదిహేడు నిమిషాల వ్యవధి. నేను లేవలేదు. ఆయన గుర్తుపట్టడేమో, ఆ భాగం వచ్చేసరికి దగ్గు వచ్చి బయటికి వెళతాడేమో అని పిరికి ఆశలు పెట్టుకుంటూ కూర్చున్నాను. తెర మీదికి నేను వచ్చాను. టై, అలమర, గొంతు. "మా గరాటు" అన్నాను. హాలు విరగబడి నవ్వింది. ఆ నవ్వుల్లో ఒక స్త్రీ గొంతు అందరికంటే గట్టిగా వినిపించింది. తిరిగి చూస్తే ఆమే. నవ్వు ఆపుకోలేక తండ్రి భుజం మీద చరుస్తోంది. ఆయన కూడా నవ్వాడు, అందరికంటే కాస్త ఆలస్యంగా.

ప్రదర్శన అయ్యాక ఆయన కూతురిని వెంటబెట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

"బా... బాగా చేశారు సార్. చా... చాలా బాగుంది."

ఆమె తండ్రి వైపు వింతగా చూసింది. "ఏంటి నాన్నా, గొంతు పట్టేసిందా? ఎందుకలా మాట్లాడుతున్నావ్?"

"ఏ... ఏం లేదమ్మా. ప... పద."

ఆమె ఆయన్ను చూసింది. తర్వాత నన్ను. తర్వాత, అప్పటికే బొమ్మ ఆగిపోయి తెల్లగా ఉన్న తెరను.

"నాన్నా, ఆ గరాటు నువ్వా?"

ఆయన ఆమె చేయి పట్టుకుని మెట్ల వైపు నడిపించాడు. ఇరవై ఏళ్ళు నా కింద పనిచేసిన మనిషికి నత్తి లేదనీ, అది నా ముందు నిలబడినప్పుడు మాత్రమే వచ్చేదనీ నాకు ఆ క్షణంలో తెలిసింది.

ఆ రాత్రే మేనకోడలికి ఫోన్ చేసి, నా భాగం తీసేయమన్నాను.

"తీసేయడమేంటి మామయ్యా! సినిమాలో అందరూ ఎక్కువ నవ్వింది అక్కడే. పోటీకి పంపాలి కదా."

అప్పుడు జరిగింది జరిగినట్టు చెప్పాను. ఇరవై ఆరేళ్ళలో దాన్ని నోటితో చెప్పడం అదే మొదలు.

"నా సినిమా సంగతి తర్వాత చూద్దాం," అంది. "ముందు వాళ్ళింటికి వెళ్ళండి."

మర్నాడు బావమరిది తన స్కూటరు మీద తీసుకెళ్ళాడు. దారి పొడవునా ఒక్క జోకు కూడా వేయలేదు. అది నాకు మరింత భరింపరానిదైంది.

ఆయనది మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. మెట్లు ఎక్కుతుండగానే గొంతు వినిపించింది. గ్యాసు పొయ్యి బాగుచేసే మనిషిని ఆడుకుంటున్నాడు. "నెల రోజుల్లో మూడోసారి వచ్చావు. పొయ్యి కంటే నువ్వే మా ఇంట్లో ఎక్కువగా వెలుగుతున్నావు కదయ్యా! ఈసారి ఆరిపోయిందంటే పొయ్యి నీ ఇంట్లో పెట్టి, నేనూ నీ ఇంట్లోనే తింటా." ఒక్క అక్షరం కూడా తడబడలేదు. ఆ మనిషి నవ్వుతూ మమ్మల్ని తప్పుకుని కిందికి దిగిపోయాడు. గుమ్మంలో నన్ను చూడగానే ఆయన గొంతు ఆగిపోయింది.

"ర... రండి సార్."

కూతురు ఆసుపత్రి యూనిఫాంలో ఉంది, నర్సు. డ్యూటీకి బయలుదేరుతున్నదల్లా చేతిసంచి కింద పెట్టి, రెండు చేతులూ కట్టుకుని గోడకు ఆనుకుని నిలబడింది. కూర్చోమని అనలేదు. నిలబడే చెప్పాను.

"అమ్మా, ఆ రోజు మీ నాన్నగారు తాగలేదు. ఆ వాన పడింది. వారం తర్వాత నేను వెళ్ళి నా కళ్ళతో చూశాను. చూసి కూడా దిద్దలేదు."

నా జీవితంలో ఆయన్ను 'మీ నాన్నగారు' అనడం, ఆయన ఎదుట బహువచనం వాడడం అదే మొదటిసారి. అంత చిన్న మర్యాద చేయడానికి నాకు ఇంత కాలం పట్టింది.

ఆమె నా వైపు చూడనే లేదు. "నాన్నా, నువ్వెందుకు చెప్పలేదు?"

"చెప్పానమ్మా." కూతురితో మాట్లాడేటప్పుడు ఆయన గొంతు సాఫీగా సాగింది. "మెమో వచ్చిన రోజే చెప్పా. మీ అమ్మ మొదట నా నోరు వాసన చూసింది. ఆ తర్వాతే వినడం మొదలెట్టింది. నువ్వప్పుడు ఎనిమిదో తరగతి. తలుపు దగ్గర నిలబడి చూస్తున్నావు."

ఆమెకు గుర్తున్నదని మొహమే చెప్పింది. తర్వాత నా వైపు తిరిగింది.

"మా అమ్మ పోయేదాకా నాన్న ఆలస్యంగా ఇంటికొస్తే వాసన చూసేదండీ. నేనూ చూశాను. నా పెళ్ళిలో కూడా చూశాను. మీకు ఈ సంగతి కూడా చెప్పి పంపాలి కదా. సినిమాలో పెట్టుకోవడానికి పనికొస్తుంది."

"అమ్మడూ," అని ఆయన వారించాడు. ఆమె సంచి తీసుకుని, మా పక్కనుంచే మెట్లు దిగి వెళ్ళిపోయింది.

క్షమించమని అడిగాను. ఆయన కుర్చీ చూపించాడు. ఇద్దరం పొయ్యి పక్కన కూర్చున్నాం.

"ఆ అం... అంకె," అన్నాడు. "దాన్ని తిరిగి రాయించండి సార్. క్ష... క్షమాపణ నాకు వద్దు. రెండువందల పన్నెండు. అది ఉండాల్సిన చోట ఉండాలి."

ఆ రోజే శాఖకు ఉత్తరం రాశాను. తేదీ, కేంద్రం, కొలత, నా తప్పు, నా అప్పటి హోదా, ఏదీ దాచలేదు. మూడు వారాలకు జవాబు వచ్చింది. సదరు రిజిస్టర్లు నిల్వ గడువు ముగిసినందున నిర్మూలించబడినవి. సంకలిత పట్టికలో ఆ తేదీకి విలువ లేదు. ఆధారపత్రం లేనిదే పట్టికను సవరించుట వీలుపడదు. భాషలో ఒక్క దోషం లేదు. నేను పదవిలో ఉండగా నా సంతకంతో వెళ్ళిన వందలాది జవాబుల్లో ఇదీ ఒకటని ఎవరైనా అంటే కాదనలేను.

ఆ కాగితం పట్టుకెళ్ళి ఆయనకు చదివి వినిపించాను. కూతురు ఈసారి ఇంట్లోనే ఉంది.

"అంటే ఇక ఎక్కడా లేనట్టేనా?" అంది.

"మీ సినిమాలో ఉందిగా సార్," అన్నాడు ఆయన, నెమ్మదిగా. "అంకె అందులో స... సరిగానే చెప్పారు."

మేనకోడలు ఆ మాటే పట్టుకుంది. నా భాగాన్ని మళ్ళీ తీద్దామంది. అదే కుర్చీ, అదే ప్రశ్న. ఈసారి నత్తి చేయలేదు, ఆ పేరు పలకలేదు. అంకెను చెప్పాను. కంచె మీది గడ్డి గురించి, కొట్టుకుపోయిన కల్వర్టు గురించి, జీపు ఎక్కి వచ్చేయడం గురించి చెప్పాను. "ఆ మనిషి తాగలేదు. ఆయన సరిగానే కొలిచాడు. అబద్ధం రాసింది నేను," అని ముగించాను. గదిలో ఎవరూ నవ్వలేదు. ఈ భాగంతోనే సినిమాను పోటీకి పంపారు.

కొత్త భాగంతో మొదటి ప్రదర్శన ఒక కళాశాల హాలులో జరిగింది. తండ్రీకూతుళ్ళు వచ్చారు. నేను వాళ్ళ వెనక వరసలో కూర్చున్నాను. ప్లంబరు ఆకాశంలోకి నిచ్చెన వేశాడు, జనం నవ్వారు. గ్రహాంతరవాసి వాషరు చేతిలో పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు; నవ్వారు. ఆ వెంటనే నేను. నేను మొహం బిగించుకుని నిజం చెబుతుంటే హాలు మొదట కిసుక్కుమంది. "ఏమీ ఎరగనట్టు జీపు ఎక్కాను," అన్నచోట ఎవరో ఈల వేశారు. "అబద్ధం రాసింది నేను," అన్నప్పుడు పాత నత్తికి కూడా రానంత నవ్వు వచ్చింది. అప్పటిదాకా తెర మీద కనిపించిన ప్రతి ఒక్కరూ అదే మొహంతో అబద్ధమే చెప్పారు మరి. నన్ను మాత్రం ఎందుకు నమ్ముతారు?

నా ముందు వరసలో ఆమె తండ్రి చేతి మీద చేయి వేసి కదలకుండా కూర్చుంది. ఆయన మొహం నాకు కనిపించలేదు.

సినిమా అవగానే తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. ముందే నిశ్చయించుకున్న పని కాదు. బయటికి వచ్చే ఒక్కొక్కరితో, "నేను చెప్పిన భాగం నిజం. రెండువందల పన్నెండు మిల్లీమీటర్లు. ఆయన సరిగానే కొలిచాడు," అన్నాను. కుర్రవాళ్ళు నా చేయి ఊపేసి, "ఇంకా పాత్రలోనే ఉన్నారు సార్, సూపర్!" అన్నారు. ఒకతను నాతో ఫోటో దిగాడు. బావమరిది నన్ను పక్కకు లాగబోయాడు. "బావా, చాల్లే, ఇంటికి పోదాం పద." నేను కదల్లేదు. తండ్రీకూతుళ్ళు ఆ గుంపులోంచే దాటి వెళ్ళారు. ఆయన క్షణం ఆగి నా మాట ఒకసారి విన్నాడు. ముందుకు నడిచాడు.

కొత్త భాగంతో ఇప్పటికి నాలుగు ప్రదర్శనలు అయ్యాయి. నాలుగుసార్లూ తలుపు దగ్గర నిలబడ్డాను. రెండువందల మందికి తక్కువ కాకుండా చెప్పి ఉంటాను. నవ్వనిది ఒక్కరే. పోయిన వారం ఒక పెద్దావిడ, చేతికర్రతో, అందరూ వెళ్ళిపోయేదాకా ఆగి, నా దగ్గరికి వచ్చి, కళ్ళద్దాలు సవరించుకుని నా మొహంలోకి చూసింది.

"నిజమేనా బాబూ?"

"నిజమేనండీ."

"మరి ఇన్నేళ్ళూ ఏం చేశావు?"

ఆవిడ కర్ర ఆనించుకుని, జవాబు కోసం నిలబడింది. హాలులో కుర్చీలు మడిచి ఒక పక్కకు చేరుస్తున్నారు. ఆవిడ చాలాసేపే నిలబడింది.